వెనక జేబులో చెయ్యి పెట్టండి

రిటైరయ్యాక నాకు దొరికిన అతిపెద్ద సుఖం ఏమిటో తెలుసా? పొద్దున్నే లేచి ఎవరి భుజమూ చూడనక్కర్లేదు. ముప్పై ఏళ్లకు పైగా స్కానింగు డాక్టరుగా పనిచేశాను. అందులో చివరి పదేళ్లు హైటెక్ సిటీ దగ్గర ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో గడిచాయి. కడుపులు, కిడ్నీలు, మోకాళ్లు అన్నీ చూశాను గానీ ఆ పదేళ్లూ నా ప్రాణం తీసినవి మాత్రం భుజాలే. ఇప్పటికీ నల్లగండ్లలో మా అపార్టుమెంటు లిఫ్టు ఎక్కితే చాలు, ఎవరో ఒకరు "అంకుల్, ఇలా ఎత్తితే ఇక్కడ పట్టేస్తోంది" అంటూ నా ముక్కు మీదకే చెయ్యెత్తుతారు. ఆరో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు రోగం తేల్చెయ్యాలి. "డాక్టరుకు చూపించుకో నాయనా" అంటే, "మీరు డాక్టరే కదంకుల్" అంటారు. ఈ బాధ పడలేక మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఇప్పుడు నా మోకాళ్లు పట్టేస్తున్నాయి.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "సార్, మీరు మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్లు ఆశించేది ఏదో వింత జబ్బు, దాన్ని ఎవరూ కనిపెట్టలేకపోతే నేను కనిపెట్టడం, అందరూ నోరు వెళ్లబెట్టడం. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. అందుకని ఈసారి నా పరువు పోయిన కేసు చెబుతాను. అందులో రోగం చాలా మామూలుది. డాక్టరే కాస్త తేడా.

ముందు భుజం గురించి రెండు ముక్కలు. చెయ్యి పైకి ఎత్తడానికి భుజం మీద ఒక కండరం ఉంది. దాన్ని చేతి ఎముకకు పట్టి ఉంచే గట్టి పట్టీని టెండన్ అంటాం. ఆ పట్టీ చిరిగితే చెయ్యి లేవదు, కష్టపడి లేపినా నిలవదు. చిక్కేమిటంటే ఆ టెండన్, చూరు కింద నక్కిన పిల్లిలాగా, భుజం కొసన ఉన్న ఎముక కింద దాక్కుని ఉంటుంది. అల్ట్రాసౌండు ఎముకను దాటి చూడలేదు. పిల్లిని బయటికి రప్పించాలంటే ఒక ఉపాయం ఉంది. పేషెంటు తన అరచేతిని వెనక్కి తీసుకెళ్లి పిరుదు మీద ఆనించి, మోచేతిని వెనక్కి నెట్టాలి. అప్పుడు టెండన్ ముందుకు జరిగి కంటికి కనిపిస్తుంది.

వచ్చిన ప్రతివాళ్లకూ ఇదంతా విడమరిచి చెబుతూ కూర్చుంటే సాయంత్రానికి గొంతు పోతుంది. అందుకని మేం స్కానింగువాళ్లం ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం: వెనక జేబులో చెయ్యి పెట్టండి. అంతే! మాకొచ్చేవాళ్లంతా జీన్సు ప్యాంటు, మెళ్లో ఐడీ కార్డు. జిమ్ములో బరువులెత్తి భుజం పాడుచేసుకున్నవాళ్లు కొందరు, క్రికెట్టాడి పాడుచేసుకున్నవాళ్లు కొందరు. ఆ మాట నా నోట్లో ఉండగానే చెయ్యి ఠపీమని జేబులోకి వెళ్లేది. ఆడపిల్లలైనా అంతే. రోజుకు పాతికసార్లు ఆ మాట అనేవాణ్ని. కొన్నాళ్లకు మనిషిని చూడనక్కర్లేకుండానే అనడం అలవాటైపోయింది.

మా గది ఎలా ఉండేదో కూడా చెప్పాలి. బొమ్మ బాగా కనబడాలని దీపాలు తగ్గించేవాళ్లం. పేషెంటు స్టూలు మీద, ఆ వెనక నేను. నా కళ్లు తెర మీద. గదికి ఆ చివర కంప్యూటరు ముందు మా టైపిస్టు, మాకు వీపు పెట్టి కూర్చుని, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టేది. ప్రగతి నగర్ నుంచి వచ్చేది. డాక్టరు కాదు గానీ పన్నెండేళ్లుగా డాక్టర్లు చెప్పేది వింటోంది కాబట్టి ఏ డాక్టరు ఎంతో ఆమెకు బాగా తెలుసు. నేను చిరాకు పడితే "సార్ తిన్నట్టు లేరు" అని పైకే అనేసేది.

ఆ రోజు నేను తినలేదు. ఏదో కంపెనీవాళ్లు ఉద్యోగులందరినీ ఒకేసారి హెల్త్ చెకప్‌కు తోలారు. మధ్యాహ్నం రెండున్నరకు ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి, పాలమూరు వైపు మనిషి. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవరులో హౌస్‌కీపింగు పని. తడి నేల మీద కాలు జారి, పడిపోకుండా రెయిలింగు పట్టుకుందట. ఒంటి బరువంతా కుడి చేతి మీద పడింది. "సారూ, జబ్బ లేస్తలేదు. బకెటు దింపుదామంటే చెయ్యి దానంతటదే జారిపోతుంది" అంది. భుజాన్ని వాళ్ల వైపు జబ్బ అంటారు.

నేను జెల్ రాశాను. స్కానింగు చేసే ప్రోబ్‌ను భుజం మీద పెట్టాను. "వెనక జేబులో చెయ్యి పెట్టమ్మా" అన్నాను. "పెట్టిన సారూ" అంది. "ఆఁ, అలాగే, కదలకు" అన్నాను.

తెర మీద టెండన్ సరిగా కనబడలేదు. ఈ ముక్క మీకు దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే అసలు తప్పు ఇక్కడుంది. నాలుగు వంతుల్లో కనబడిన ఒక్క వంతు బాగానే ఉంది. మిగతా మూడు వంతులు ఎముక నీడలో ఉండిపోయాయి. లావు మనిషి కాదు కదా, ఎందుకిలా ఉంది అని ఒక క్షణం అనిపించింది. బయట మరో పదకొండు మంది ఉన్నారని, క్యారియర్లో పులిహోర చల్లారిపోతోందని ఆ వెంటనే అనిపించింది. "టెండన్ మామూలుగా ఉంది, చిరుగు లేదు" అని చెప్పాను. టకటకమని టైపయిపోయింది. సంతకం పెట్టాను. పులిహోర బాగుంది.

మూడు వారాలు గడిచాయి. ఒక శనివారం పొద్దున మా రిసెప్షన్లో గొడవ. అపాయింటుమెంటు లేదంటే వినకుండా ఒకావిడ నేరుగా నా గది తలుపు తోసుకుని వచ్చేసింది. ఎడమ చేత్తో మా సెంటరు కవరు పట్టుకుంది. కుడి చెయ్యి ఒంటికి అతుక్కుని ఉంది.

"సారూ, నా జబ్బ మంచిగున్నదని రాసిచ్చినవంట. మంచిగుంటే ఎందుకు లేస్తలేదో అది గూడ రాసియ్యి," అంది.

ఏం జరిగిందమ్మా అని అడిగాను. ఊపిరి తీసుకోకుండా చెప్పింది. "మా సూపర్వైజరు నీ కాయిదం అందరి ముంగట సదివిండు. జూడుండ్రి, డాక్టరే రాసిండు, ఈమెకు ఏం లేదు, పని ఎగ్గొట్టనీకె నాటకం చేస్తుంది అన్నడు. ఇరవై రోజుల సంది అందరు నాటకం అక్కా అని పిలుస్తున్నరు. సోమారం సంది పై అద్దాలు తుడుస్తవా, ఇంటికి పోతవా, నువ్వే చెప్పు అన్నడు. నేను ఎన్నడు అబద్ధం చెప్పలే సారూ. పని దొంగను కాను."

నాకు ఒళ్లు మండింది, ఆమె మీదే. ముప్పై ఏళ్ల అనుభవాన్ని నిలదీస్తున్నట్టు అనిపించింది. నా స్కాను తప్పెలా అవుతుంది, ఇప్పుడే నిరూపిస్తానని స్టూలు చూపించాను. మా టైపిస్టుకు ఈ గొడవ రుచించినట్టుంది, కుర్చీ ఇటు తిప్పుకుని మరీ చూస్తోంది. ప్రోబ్ తీసుకుని, అలవాటుగా తెర వైపు తిరిగి, "వెనక జేబులో చెయ్యి పెట్టు" అన్నాను.

"పెట్టిన," అందావిడ.

"సార్," అంది టైపిస్టు. "ఒక్కసారి గా తెర వదిలిపెట్టి ఆమెను చూడండ్రి."

చూశాను. కుడి చెయ్యి ఎక్కడా కనబడలేదు. ఆమె కొంగు కాస్త పక్కకు తీస్తే, ముందు వైపు, నడుం దగ్గర చీరలో దోపుకున్న చిన్న గుడ్డ సంచి మీద ఉంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"చీరకు ఎన్క జేబుంటదా సారూ? నాకున్నది గీ సంచే. మొన్న గూడ గీడనే పెట్టిన. నువ్వు ఆఁ గట్లనే, కదలకు అన్నవ్."

మా టైపిస్టు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చెయ్యి ముందుకు పెడితే టెండన్ బయటికి రానే రాదు. అంటే నేను ఆవేళ చూసింది టెండన్ కాదు, ఎముక నీడ. ఆ నీడకు ఆరోగ్యంగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చి సంతకం పెట్టాను!

లేచి, ఆమె అరచేతిని నేనే పట్టుకుని, మెల్లిగా వెనక్కి తీసుకెళ్లి పిరుదు మీద ఆనించాను. "అమ్మో!" అని కేక పెట్టింది. ప్రోబ్ పెట్టగానే కనబడింది. తెల్లగా, పీచు పీచుగా ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ. పట్టీ ఎముక మీద నుంచి ఊడి వెనక్కి జారిపోయింది. మొదటి ఏడాది చదివే పిల్లలకు చూపించినా వేలు పెట్టి చెబుతారు. అనుమానం తీరాలని అప్పటికప్పుడు ఎమ్మారై కూడా తీయించాను. అందులోనూ అదే. పైగా కండరం అప్పటికే కాస్త సన్నబడింది, అంటే నిన్నమొన్నటి చిరుగు కాదు.

"ఉన్నదా సారూ?" అని అడిగింది.

"ఉందమ్మా. చిరిగింది. ఆపరేషన్ చేయించుకోవాలి."

"ఉన్నదా!" అంది. ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలే? నాటకం కాదని చెప్పలే?" టైపిస్టు చెయ్యి పట్టుకుని ఊపేసింది, ఎడం చేత్తోనే లెండి. టెండన్ తెగిందని తెలిసి అంత సంబరపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ సంబరం చూసి నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

ఆ చెయ్యి సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, నాకు ఉత్కంఠ పెంచడం చేతకాదు. తర్వాత ఆపరేషన్ బాగా జరిగింది. నెలల తరబడి వ్యాయామాలు చేయించారు. చివరికి చెయ్యి తలదాకా లేచింది. కానీ ఆ శనివారానికి మా ముందున్నది చెయ్యి ఒక్కటే కాదు. సోమవారం పొద్దుటికి ఆమె పని పోతుంది, దాంతోపాటు మంచి మనిషనే పేరూ పోతుంది.

విషయం తెలిసి మా సెంటరు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. మంచివాడే, కాకపోతే గూగుల్‌లో మా సెంటరుకు ఎన్ని రేటింగు చుక్కలొచ్చాయన్నదే అతని లోకం. ఆమెను బయట కూర్చోమని, తలుపు వేసి మెల్లిగా అన్నాడు. "సార్, మీరేం కంగారు పడకండి. మూడు వారాలైంది కదండి. ఆ రోజు బాగానే ఉంది, ఈలోగా చిరిగింది అని కొత్త రిపోర్టు ఇచ్చేద్దామండి. ఆవిడకు ఆపరేషనూ అవుతుంది, మనకు మాటా రాదు."

ఒక్క నిమిషం ఎంత హాయిగా అనిపించిందో, దాచడమెందుకు? నా పరువు నిలబడుతుంది, ఆమె భుజం బాగుపడుతుంది, మేనేజరు చుక్కలు అతనికుంటాయి. టైపిస్టుకు కొత్త రిపోర్టు చెప్పడం మొదలుపెట్టాను. "గత పరీక్ష తర్వాత కొత్తగా ఏర్పడిన చిరుగు..."

కీబోర్డు చప్పుడు రాలేదు.

"ఏమ్మా, కొట్టవేం?"

"కొడ్త సార్. గని ఒక్క మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. మొన్న చిరుగు లేకుంటే, మొన్న ఆమె నాటకం చేసినట్టే గదా?"

"ఆ మాత్రం నాకు తెలియదా!" అని గయ్యిమన్నాను. అంతకు ముందు నిమిషం దాకా నిజంగానే తెలియదు. తెలిసినా తెలియనట్టు ఉండడానికి చాలా తంటాలు పడ్డాననుకోండి. కాసేపు అటూ ఇటూ తిరిగి, నీళ్లు తాగి, మళ్లీ చెప్పాను. గత పరీక్షలో చేతిని సరైన స్థితిలో పెట్టించలేదు, టెండన్ కనబడకుండానే మామూలుగా ఉందని రాశాను, లోపం పరీక్ష చేసిన డాక్టరుది, పేషెంటు చెప్పిన బాధ మొదటి నుంచీ నిజం.

టైపిస్టు చకచకా కొట్టింది. "లోపం డాక్టరుది అన్నకాడ బోల్డ్ చెయ్యమంటరా సార్?" అని అడిగింది.

"అక్కర్లేదు," అన్నాను పళ్లు కొరుకుతూ.

కాగితం ఇస్తే ఆవిడ తీసుకోలేదు. "నాకు సదువు రాదు సారూ. మొదటి కాయిదం గాడ అందరి ముంగట సదివిన్రు. ఇది గూడ గాడనే సదవాలె. మా సూపర్వైజరు చేతికిస్తే జేబుల పెట్టుకుంటడు, ఆయనకైతే ఎన్క జేబున్నది."

అలా సోమవారం పొద్దున ఏడింటికి నేను నానక్‌రామ్‌గూడలో ఆ టవరు గేటు దగ్గర నిలబడ్డాను. సెక్యూరిటీ అతను ఫోటో తీశాడు, బ్యాగు వెతికాడు, రిజిస్టరు ముందుకు తోశాడు. "ఏం పని మీద వచ్చిన్రు సార్?" అని అడిగాడు. తప్పు ఒప్పుకోవడానికి అని రాయబోయి, మీటింగ్ అని రాశాను.

రెండో బేస్‌మెంటులో, కార్ల మధ్య, ముప్పై మంది దాకా వరసలో నిలబడి ఉన్నారు. దాదాపు అందరూ ఆడవాళ్లే, చీరల మీద నీలం కోట్లు. మా పేషెంటు చివర్న ఉంది. సూపర్వైజరు ముప్పై ఏళ్ల కుర్రాడు, చేతిలో రెండు ఫోన్లు. అద్దం మీద మరక కనబడితే పై అంతస్తుల నుంచి ఫోటోలు పంపిస్తారట, రెండు ఫోన్లూ వాటికే చాలడం లేదు. నన్ను చూసి గౌరవంగా కుర్చీ తెప్పించాడు. నేను కూర్చోకుండా కాగితం చదివాను. ఇంగ్లీషు ఎవరికీ ఎక్కలేదు. తెలుగులో చెప్పాను. ఈవిడ మాట నిజం, టెండన్ తెగింది, ఆ రోజు నేను తప్పు చూశాను.

సూపర్వైజరు నమ్మలేదు! "సార్, మీరసుంటి పెద్ద డాక్టర్లు తప్పెట్ల చేస్తరు? ఈమె మిమ్మల్ని గూడ మాటలల్ల పెట్టినట్టున్నది," అన్నాడు.

"చేశానయ్యా," అన్నాను.

"చెయ్యరు సార్. మిషిన్ల కనబడ్డదే రాస్తరు గదా."

"మిషన్లో కనబడలేదయ్యా, కనబడకుండానే రాశాను!"

"ఊకోండ్రి సార్, జాలి పడి చెప్తున్నరు మీరు."

నా సర్వీసంతటిలో నా రిపోర్టు ఒప్పని ఎంతోమందితో వాదించాను. అది తప్పని వాదించాల్సి రావడం అదే మొదలు. గెలిచేలా కూడా లేను. చివరికి "బాబూ, నీ వెనక జేబులో చెయ్యి పెట్టు," అన్నాను. ఠక్కున పెట్టాడు. "ఇప్పుడు మీరందరూ పెట్టండమ్మా," అన్నాను వరస వైపు తిరిగి.

ముప్పై మందీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కొందరు కోటు ముందు జేబులో పెట్టారు. కొందరు నడుం మీద పెట్టారు. ఒకామె వెనకంతా తడుముకుని, ఏమీ దొరక్క, ముందున్న సూపర్వైజరు రెండో వెనక జేబు చూసి "గీనిదాంట్ల పెట్టాల్నా సారూ?" అని అడిగింది. బేస్‌మెంటు అంతా మారుమోగేలా నవ్వారు. సూపర్వైజరుకూ నవ్వాగలేదు.

"చూశావా? నేను ఆవిడను ఇదే అడిగాను. చెయ్యెక్కడ పెట్టిందో తల తిప్పి చూడలేదు. అదీ నా తప్పు," అన్నాను.

అతని నవ్వు ఆగిపోయింది. బుర్ర గోక్కున్నాడు. "సరే సార్. అద్దాల పని తీసేస్త. ఆపరేషన్ అయి వచ్చినంక గూడ డ్యూటీ ఉంటది, నా జిమ్మ, నేను చూస్కుంట," అన్నాడు.

వరస చివర్నుంచి ఆవిడ నడిచి ముందుకొచ్చింది. "డ్యూటీ సంగతి తర్వాత. నాటకం అన్నవ్ గదా, గా మాట వాపస్ తీస్కో."

అతను ఫోన్ల వైపు చూస్తూ గొణిగాడు. "సరే, తీస్కున్న."

"వీళ్లకు ఇనొస్తలేదు."

"తీస్కున్ననక్కా! నాటకం కాదు. నాదే గల్తీ!" అని అరిచాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

వచ్చిన పని అయిపోయిందనుకున్నాను. కాగితం మడిచి అతని చేతికిచ్చి, "ఇక వెళ్లొస్తానమ్మా" అని మెట్ల వైపు తిరిగాను.

"ఆగు సారూ," అంది. "ఆయన మాట ఆయన తీస్కున్నడు. మరి నువ్వు?"

"ఇందాకట్నుంచి చెబుతున్నది అదే కదమ్మా, తప్పు నాదేనని."

"కాయిదం మీద చెప్పినవ్. సూపర్వైజరుకు చెప్పినవ్. గింతమందికి చెప్పినవ్. నాకు చెప్పలే."

నిజమే. ఇంగ్లీషులో చదివాను, తెలుగులో చెప్పాను, ముప్పై మందిని నవ్వించాను. ఆమె వైపు మాత్రం ఒక్కసారి కూడా తిరగలేదు. వెనక్కి వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"తప్పయిందమ్మా," అన్నాను. "నువ్వు నిజం చెప్పావు. నేను వినలేదు."

ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది, నాటకమేమోనని వెతుకుతున్నట్టు.

"మంచిది సారూ," అంది. "నువ్వు గూడ నిజమే చెప్తున్నవ్."